మూడో గది

ఫిబ్రవరి 3

అక్కా,

కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఏడాదికి రెండే ఉత్తరాలు రాసేవాణ్ణి, జనవరిది రాసి నెల తిరక్కుండా ఇంకోటి రాస్తున్నానంటే ఏదో ముంచుకొచ్చిందనుకుంటావు. ముంచుకొచ్చింది సెలవు. సర్వే ఆఫీసులో పటాలు గీయడం మొదలుపెట్టి పదహారేళ్ళయింది. మే నెలలో సెలవిచ్చింది ఇదే మొదలు. పిల్లలకి నగరం చూపిద్దామని నిర్ణయించాం. మే 6 పొద్దున రైలు దిగి 10 సాయంత్రం వెనక్కి.

అసలు సంగతి ఇది. ఏ పేటలో దిగాలి? నగరం పటం బల్ల మీద పరుచుకుని రెండు రోజులుగా చూస్తున్నాను. పటంలో రోడ్డు వెడల్పు తెలుస్తుంది, దాని మీద మోత తెలియదు. ఆ సంగతి పటం గీసేవాడికే బాగా తెలుసు. నువ్వయితే చెప్పగలవు. మీ లాండ్రీకి పద్నాలుగు హోటళ్ళ బట్టలొస్తాయనీ, దుప్పటి చూస్తే హోటల్ గుట్టు తెలిసిపోతుందనీ ఒకసారి రాశావు. మాకు మూడు గదులు కావాలి. ఫోను చేద్దామంటే మీ యజమాని గదిలో బాయిలర్ మోతకి పోయినసారి నువ్వు "ఎవరూ, ఎవరూ" అనడమే సరిపోయింది. అందుకే ఉత్తరం.

కొత్తింట్లో చేరిన రోజు సంగతి మనిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఇల్లంతా మీ మరదలి తరఫువాళ్ళతో నిండిపోతే నిన్ను బస్టాండు పక్క లాడ్జీలో పెట్టాను. తెల్లారి కాఫీకి పిలుచుకురమ్మని మనిషిని పంపితే గది ఖాళీ. ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు దాన్ని తవ్వను. ఈసారి ఏర్పాట్లు సరిగ్గా చేయాలని ఉంది, అంతే.

పెద్దదానికి పదకొండు నిండాయి. "అత్త ఎలా ఉంటుంది?" అని అడిగింది. నాలాగే ఉంటుంది, కాస్త పొడుగు అన్నాను. "కోపం కూడా నీలాగేనా?" అంది. కాదు, నేను అరిచి మర్చిపోతాను, తను అరవదు అని చెప్పాను.

జవాబు తొందరగా రాయి. మే నెలంటే గదులు దొరకవట.

తమ్ముడు


ఫిబ్రవరి 12

తమ్ముడూ,

నీ ఉత్తరం భోజనాల వేళ అందింది. మళ్ళీ పనిలోకి వెళ్ళేలోపు చదవడం అయింది. అడిగింది పనికొచ్చే సంగతి కాబట్టి వరసగా చెప్తాను.

ఏ హోటల్ బట్టలు దానికి తెలియాలని దుప్పటి మూలన రంగు దారంతో కుట్టు వేస్తాం. పసుపు దారం మార్కెట్ పేటది. దాని దుప్పట్లకి సిగరెట్ కాలిన చిల్లులుంటాయి. నిద్ర పట్టనివాడే పక్క మీద సిగరెట్ కాలుస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికే లారీలొస్తాయి మరి. కాబట్టి ఆ పేట వద్దు. ఆకుపచ్చ దారం సినిమా హాళ్ళ వీధిది. పంపిన తువ్వాళ్ళు పంపినన్ని తిరిగి రావు. అక్కడ దిగే జనం ఎలాంటివాళ్ళో నువ్వే ఊహించుకో. ఎర్ర దారం స్టేషను వెనక వీధిది. వాళ్ళ దుప్పటి ఒకదానికి పదకొండు అతుకులు లెక్కపెట్టాను. పదకొండోది అతుకు మీద అతుకు. దాని మీద పడుకున్నవాడి వీపు మీద నగరం పటం అచ్చు పడుతుంది. నువ్వు విడిగా గీయక్కర్లేదు.

నీలం దారం పార్కు పేటది. వాళ్ళ దుప్పట్ల మూలల్లో ఇసుక ఉంటుంది, ఎప్పుడైనా రంగు పెన్సిల్ గీతలుంటాయి. అంటే పిల్లలు పార్కులో ఆడొచ్చి కాళ్ళు కడుక్కోకుండా మంచమెక్కారన్నమాట. చిల్లుల్లేవు, అతుకుల్లేవు. మీకు అదే మంచిది.

మూడో గది మాత్రం కింది అంతస్తులో అడుగు. వాళ్ళ లిఫ్టు వారానికి రెండు రోజులు పడకేస్తుందని మూటలు తెచ్చే మనిషి చెప్పాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని మెట్లెక్కించడం పాపం.

నా గదిలో దిగమని అనే వీలు లేదు. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. నేను పక్కకి తిరిగి లోపలికి వెళ్తాను. కాస్త లావెక్కితే బయటే.

చిన్నాడు ఎంతున్నాడో రాయనే లేదు.

అక్క


ఫిబ్రవరి 21

అక్కా,

నీ ఉత్తరం నేను చదువుతుంటే అందరూ విన్నారు. అతుకు మీద అతుకు దగ్గర చిన్నాడు పడీ పడీ నవ్వాడు. వాడికి ఏడేళ్ళు, ముందు పళ్ళు రెండూ లేవు.

మోకాళ్ళ సంగతి నాకు తట్టనే లేదు, మంచి పని చేశావు చెప్పి. ఆ మాట వినగానే మీ మరదలు "హమ్మయ్య, ఇక ఒప్పుకున్నట్టే" అంది. నాకూ గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

ఇక పేట సంగతి. పార్కు పేట బాగుంటుందనడంలో సందేహం లేదు. కానీ దూరం. పటం మీద కొలిచాను, తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. రెండు బస్సులు మారాలి. స్టేషను వెనక వీధి అయితే సెంటీమీటరున్నర, ఏడు నిమిషాల నడక. అందుకని అక్కడే మూడు గదులు తీసుకున్నాం. రెండు పై అంతస్తులో, ఒకటి నువ్వు చెప్పినట్టే కింద. అతుకులంటావా, నాలుగు రోజులకి అతుకులు మనల్నేం చేస్తాయి?

ఆఫీసులో కొత్త అధికారి వచ్చాడు. పటంలో ఉత్తరం పైకే ఎందుకుండాలి అని అడిగాడు.

తమ్ముడు


మార్చి 4

తమ్ముడూ,

ఉత్తరం అందింది.

పార్కు పేట గురించి నాకు తెలిసింది చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని కాబట్టి చెప్పాను. పటమే సరిపోయే మాటయితే నన్ను అడగనక్కర్లేదు. దూరం ఎక్కణ్ణించి కొలిచావో నువ్వు రాయలేదు గానీ అర్థమైంది. దిగగానే గది, లేవగానే రైలు. సౌకర్యంగానే ఉంటుంది. అతుకులేం చేస్తాయన్న మాటా నిజమే. లాడ్జీలో దిగినదాన్ని నేను, నాకూ ఏం కాలేదు.

మీ ఇష్టం మీది. మే 6న నాకు పొద్దుటి షిఫ్టు. సాయంత్రం వచ్చి కనబడతాను.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

ఆఫీసులో ఆర్థిక సంవత్సరాంతపు పని. జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం కాస్త పొట్టిగా ఉంది. పని ఎక్కువై ఉంటుందనుకున్నాను. మీ మరదలు మాత్రం "ఆవిడకి కోపమొచ్చింది, సరిగ్గా రాయండి" అంటోంది. ఏం సరిగ్గా రాయాలో తెలీక ఉన్న సంగతులే రాస్తున్నాను.

రైలు పొద్దున తొమ్మిదిన్నరకి. నువ్వు స్టేషనుకి రానక్కర్లేదు, షిఫ్టు పోగొట్టుకోకు. పని అయ్యాక నేరుగా హోటలుకే వచ్చెయ్. బల్ల దగ్గర గుమాస్తాకి చెప్పి ఉంచుతాను. పెద్దది మూడో గదిలోనే పడుకుంటానని ఇప్పట్నుంచే తమ్ముడితో యుద్ధం చేస్తోంది. కథలన్నీ వినాలట. "నిద్రపోనివ్వవే తల్లీ, ఆ వయసులో విశ్రాంతి కావాలి" అంటే వినదు.

కలుద్దాం.

తమ్ముడు


మే 6, పొద్దున

తమ్ముడూ,

ఈ చీటీ హోటల్ గుమాస్తాకిచ్చి వెళ్తున్నాను. వీళ్ళ దుప్పట్లు నాకు తెలుసు కాబట్టి మూడు గదులకీ ఆరు నావి వేయించాను. కొత్తవి, మూల దారం లేనివి. ఇస్త్రీ నేనే చేశాను. దిండు గలీబులు కూడా మార్పించాను. కింది గదిలో కిటికీ రెక్క బిగుసుకుపోతే గుమాస్తా చేత సబ్బు రాయించి తెరిపించాను.

ఆరింటికి వస్తాను.

అక్క


మే 13

అక్కా,

క్షేమంగా చేరాం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు ఆరుంబావుకి వచ్చావు. ముందు హాల్లో సోఫా అంచున కూర్చున్నావు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకునే ఉన్నావు. పిల్లలకి ఇద్దరికీ తలా ఒక బొమ్మల పుస్తకం ఇచ్చావు. చిన్నాడి నోరు తెరిపించి పళ్ళు చూశావు. మీ మరదలు "రా వదినా, గది చూద్దువుగాని" అంది. "నేను పొద్దున చూసినవేగా" అన్నావు. ఏడుంబావుకి బస్సుందని లేచావు. గంటసేపు. ఎనిమిదేళ్ళకి గంట.

తర్వాత మూడు రోజులూ సాయంత్రాలు ఎక్కడికీ పోకుండా చూశాం. నువ్వు రాలేదు.

లాడ్జీ సంగతి ఇంకా నీ మనసులో ఉందని అర్థమైంది. ఉండటంలో తప్పులేదు. కానీ ముందే అనేస్తే బాగుండేది. దుప్పట్లు చాలా బాగున్నాయి.

తమ్ముడు


మే 13

తమ్ముడూ,

మీరు ఇల్లు చేరి ఉంటారు. ఒక సంగతి అడగాలి. మొహమ్మీద అడగలేకపోయాను.

ఆ సాయంత్రం నేను కూర్చున్నంతసేపూ మూడో గదిలో దిగిన మీ అత్తగారు బయటికి రాలేదు. పదడుగుల దూరంలో తలుపు. ప్రయాణం బడలికేమో అనుకున్నాను. తర్వాత, నా మొహం చూడటం ఇష్టం లేదేమో అనుకున్నాను. కొత్తింట్లో నాకు చోటు లేకుండా చేసింది ఆవిడ మనుషులేనని నేను ఎవరితోనో అన్నాను, అది ఆవిడ చెవిన పడి ఉండొచ్చు. పిల్లల్ని అడగడం బాగుండదని ఊరుకున్నాను. ఆవిడకి ఇబ్బంది కలిగించడం ఎందుకని తర్వాత మూడు రోజులూ రాలేదు. మీరు పిలిస్తే వద్దామనుకున్నాను. ఏడు నిమిషాల దూరంలో లాండ్రీ. మీరూ రాలేదు.

ఎర్ర దారం హోటల్ మూటలు మాకు రోజు విడిచి రోజు వస్తాయి. ఎనిమిదో తేదీ మూటలో నా దుప్పట్లు నాలుగు వచ్చాయి. మాసి ఉన్నాయి. ఒకదాని మీద చాక్లెట్ మరక, అది చిన్నాడిదే. మిగిలిన రెండూ రాలేదు. నిన్నటి మూటలో వచ్చాయి. విప్పి చూశాను. నా ఇస్త్రీ గీత ఎలా పెట్టింది అలాగే ఉంది. గలీబు మీద తల ఆనిన గుర్తు లేదు. వెంట్రుక లేదు, నూనె మరక లేదు. వాటి మీద ఒక్క రోజు కూడా ఎవరూ పడుకోలేదు. దుప్పటి సంగతిలో నేను పొరబడను.

మీ అత్తగారు రాలేదా? రాకపోతే రాలేదని ఎందుకు చెప్పలేదు? ఎవరూ లేని గదికి అద్దె కట్టి నాలుగు రోజులు ఎవరి కోసం ఉంచావు?

అక్క


మే 21

అక్కా,

మన ఉత్తరాలు దారిలో దాటుకున్నాయి. నీది చదివాక నాది వెనక్కి తెచ్చుకోగలిగితే బాగుండుననిపించింది.

మా అత్తగారు మూడేళ్ళుగా ఊరు కదల్లేదు. ఆవిడ వస్తుందని నేనెక్కడా రాయలేదు. మూడో గది నీది.

మొదటి నుంచీ నీదే. నాలుగు రోజులూ నువ్వు మాతో ఉండాలని, పొద్దున అక్కణ్ణించే పనికెళ్ళి సాయంత్రం అక్కడికే రావాలని అనుకున్నాం. అందుకే పార్కు పేట వద్దన్నాను. సెంటీమీటరున్నర కొలిచింది స్టేషను నుంచి కాదు, మీ లాండ్రీ గేటు నుంచి. ఎక్కణ్ణించి ఎక్కడికో రాయకుండా దూరం రాస్తే మా ఆఫీసులో ఆ పటం చించేస్తారు. పదహారేళ్ళు ఆ పని చేసి నీకు రాసేటప్పుడు మర్చిపోయాను. మోకాళ్ళన్నావు. రోజంతా నిలబడే మనిషివి, నీ మోకాళ్ళే అనుకున్నాం. ఒప్పుకున్నావనుకున్నాం.

ఒకటి మాత్రం మరుపు కాదు. దీంతోపాటు మొదటి ఉత్తరం చిత్తుప్రతి పంపుతున్నాను. రెండో పేరా చూడు. "మనకు మూడు గదులు కావాలి" అని ఉంటుంది. శుభ్రంగా తిరగరాసేటప్పుడు దాన్ని "మాకు" చేశాను. "మనకు" అంటే నీకు గది సంగతి అప్పుడే తెలిసిపోతుంది, తెలిస్తే వద్దంటావు, ఉత్తరంలో వద్దన్నాక ఇక దారి ఉండదు. వచ్చాక తాళం చేతిలో పెడితే కాదనలేవనుకున్నాను.

తాళం చేతిలో పెట్టలేదు. ఆ గంటసేపూ అది నా చొక్కా జేబులోనే ఉంది. నువ్వు సంచీ ఒళ్ళోంచి దించలేదు. "నేను చూసినవేగా" అన్నావు. ఇస్తే పిల్లల ముందు వద్దంటావని ఇవ్వలేదు. లాండ్రీకి రాకపోవడానికీ అదే కారణం. నీ ఉత్తరం విన్నాక మీ మరదలు అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆ తాళం ఆవిడ మీదకి విసిరేసి, నోరు మూసుకుని పడుకో వదినా అని నేనన్నా అనాల్సింది. మీ మర్యాద మండ, మీ ఇద్దరిదీనూ!"

మొదటి రోజు నువ్వెళ్ళాక పెద్దది ఆ గది తెరిపించుకుని కూర్చుంది. అత్త బస్సు తప్పిపోతే వెనక్కి వస్తుంది కదా అంది. తొమ్మిదింటికి వెళ్ళి చూస్తే కుర్చీలో నిద్రపోయి ఉంది. పక్క మీద పడుకోవచ్చు కదే అంటే, "అత్త ఇస్త్రీ చేసింది, నలిగిపోతుంది" అంది. ఎత్తుకుని పైకి తీసుకెళ్ళాను.

ఇంకో సంగతి. నాకు బదిలీ అయింది. జూలై మొదటికి చేరాలి. అక్కణ్ణించి నగరానికి రెండు రోజుల ప్రయాణం. ఇలాంటి సెలవు మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. మూడేళ్ళంటున్నారు.

తమ్ముడు


మే 30

తమ్ముడూ,

చిత్తుప్రతి చూశాను. "న" మీద గీత కొట్టి పక్కన దీర్ఘం పెట్టావు. ఒక్క అక్షరం. నీ మొదటి ఉత్తరం చదివిన రోజు నేను ఆగింది ఆ మాట దగ్గరే. "మాకు" అన్నాడు, అంటే అందులో నేను లేను, అనుకున్నాను. లేనని అనుకున్నాక మిగిలిన ప్రతి మాటా దానికి సరిపోయేట్టే చదువుకున్నాను. చివరికి మీ అత్తగారిని కూడా నేనే పుట్టించి, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కూడా పెట్టాను. తప్పు నీ ఒక్కడిదే కాదు.

నేను చెప్పనిది కూడా ఒకటుంది. ఫిబ్రవరిలో నీకు జవాబు వేసిన రోజే నాలుగు రోజులు సెలవు అడిగాను. పిల్లల్ని పార్కుకి నేను తీసుకెళ్దామని. ఇరవై రెండేళ్ళలో సెలవు అడిగింది అదొక్కసారే కాబట్టి యజమాని "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. స్టేషను వెనక వీధి అని నువ్వు రాశాక వెళ్ళి వద్దని చెప్పాను. ఆయన మాత్రం ఆ సెలవు చీటీ చింపలేదు. సొరుగులో ఉందట, కావలసినప్పుడు వాడుకోమన్నాడు. కొత్త ఊరి చిరునామా పంపు. రెండు రోజుల ప్రయాణమంటే రావడానికీ పోవడానికే నాలుగు రోజులు చెల్లు. చూడాలి.

పెద్దదానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. రెండు కాగితాలు పాడుచేశాను. నువ్వే ఏదో ఒకటి చెప్పు. అబద్ధం మాత్రం చెప్పకు.

నిన్న పని అయ్యాక ఆ హోటలుకి వెళ్ళాను. ఎందుకో నాకే తెలీదు. నేను కనబడగానే గుమాస్తా "అమ్మా, సమయానికొచ్చారు" అని పెద్ద పుస్తకం తీశాడు. దిగినవాళ్ళ వివరాలు రాసే పుస్తకం. "మీవాళ్ళు నలుగురూ వెళ్ళినట్టు రాశారు గానీ ఈ అయిదో ఆవిడది ఖాళీగా వదిలేశారు. రేపు తనిఖీకొస్తే నా పీక మీదికొస్తుంది. మీరే పెట్టెయ్యండమ్మా" అన్నాడు. అతనికి నేను లాండ్రీ మేడమ్‌ని. ఇరవై రెండేళ్ళలో నా పేరు అడగలేదు.

అయిదో వరస నీ చేతిరాతే. అక్షరాలు పటంలో ఊళ్ళ పేర్లు రాసినట్టు ఉన్నాయి. నా పేరు, నా వయసు. వయసు సరిగ్గా రాశావు. బంధుత్వం గడిలో "అక్క". చిరునామా గడిలో మొదటి వరసకి మీ ఇంటి చిరునామా ఉంది. దాని కింద నాలుగు వరసలకీ "పైదే" అన్న గుర్తు పెట్టావు. నా వరసకి కూడా. గుమాస్తా వేలు పెట్టి చూపించాల్సి వచ్చేదాకా నేను ఆ గుర్తే చూస్తూ నిలబడ్డాను.

వచ్చిన తేదీ మే 6 అని ఉంది. వెళ్ళిన తేదీ గడిలో మే 10 అని వేసి, సంతకం పెట్టి, పెన్ను తిరిగిచ్చాను.

అక్క